తత్వశాస్త్రానికి చరిత్రతో పనేమిటి?
దేవీప్రసాద్ చట్టోపాధ్యాయ పరిశోధన మీద కొన్ని ప్రశ్నలు

భౌతికశాస్త్రం చదివే విద్యార్థి న్యూటన్ రాసిన గ్రంథం తెరవకుండానే న్యూటన్ సూత్రాలు నేర్చుకుంటాడు. లెక్కలు నేర్చుకోవడానికి ఆర్యభటీయం చదవాల్సిన పనిలేదు. తత్వశాస్త్రం సంగతి వేరు. అక్కడ పాఠమంటేనే పాతవాళ్ల పాఠం. వెయ్యేళ్ల కిందటి మాటకు ఇవాళ సమాధానం చెప్పుకోవాలి. తన చరిత్రని ఇంతగా నెత్తిన మోసుకు తిరిగే శాస్త్రం ఇంకోటి కనపడదు. అలాంటప్పుడు ఆ చరిత్ర ఎవరు రాశారు, అందులోకి ఎవర్ని రానిచ్చారు, ఎవర్ని గడప బయట నిలబెట్టారు అన్నవి పక్కదారి ప్రశ్నలు కావు. వాటికి వచ్చే జవాబును బట్టే తత్వశాస్త్రం అంటే ఏమిటో తేలుతుంది.

మేం చదువుకున్న రోజుల్లో భారతీయ తత్వశాస్త్రం అనే పేపరుకి తేదీలున్నాయి గానీ చరిత్ర లేదు. వేదాలతో బయలుదేరి, ఉపనిషత్తుల మీదుగా, ఆరు దర్శనాలు దాటి అద్వైతం దగ్గర ఆగిపోయేది. బౌద్ధం, జైనం, చార్వాకం ఖండించడానికి మాత్రమే దారిలో తగిలేవి. ఈ వరుస ఇవాళ్టిది కాదు. 14వ శతాబ్దంలో విజయనగర కాలపు మాధవుడు సర్వదర్శనసంగ్రహం రాస్తూ చార్వాకుల్ని మొదటి మెట్టు మీద కూర్చోబెట్టాడు, బౌద్ధుల్ని రెండో మెట్టు మీద. ఒక్కో దర్శనం కింది దానిని ఖండించి పైకెక్కుతుంది. ఎక్కగా ఎక్కగా చివర శంకరుడు. మొదటి మెట్టు మీద ఉన్నవాడికి తన మాట తాను చెప్పుకునే అవకాశం లేదు. వాణ్ణి ఓడించబోయేవాడే వాడి మాట కూడా చెబుతాడు. దీన్నే పూర్వపక్షం అంటారు.

ఈ వరుస మీద చెయ్యి వేసిన అధ్యాపకుడు దేవీప్రసాద్ చట్టోపాధ్యాయ. 1918లో కలకత్తాలో పుట్టి 1993లో చనిపోయారు. సర్వేపల్లి రాధాకృష్ణన్, సురేంద్రనాథ్ దాస్‌గుప్తా ఆయనకి గురువులు. కలకత్తా సిటీ కాలేజీలో రెండు దశాబ్దాలపాటు తత్వశాస్త్రం చెప్పారు. గురువులిద్దరూ భారతీయ తత్వశాస్త్ర చరిత్రలు రాసినవాళ్లే. రాధాకృష్ణన్ రెండు సంపుటాలు 1923లోనూ 1927లోనూ వచ్చాయి. దాస్‌గుప్తా ఐదు సంపుటాలు 1922లో మొదలై, ఆయన పోయాక 1955లో పూర్తయ్యాయి. దాస్‌గుప్తా పాండిత్యం ముందు ఎవరైనా తల వంచాల్సిందే. కానీ ఆ ఐదు సంపుటాల్లో లోకాయతం ఎక్కడుందో వెతకండి. 1940లో వచ్చిన మూడో సంపుటం చివర, మొదటి సంపుటానికి అనుబంధంగా దొరుకుతుంది. అంటే పద్దెనిమిదేళ్లు ఆలస్యంగా, మరొకరి ఇంటి వసారాలో చోటిచ్చినట్టు. ఇందులో దురుద్దేశం ఉందని మేం అనడంలేదు. గ్రంథాలు మిగలని వాళ్ల చరిత్ర రాయడం కష్టమే. ఐతే గ్రంథాలు ఎందుకు మిగల్లేదు అనే ప్రశ్నని తత్వశాస్త్రం తన ప్రశ్నగా భావించలేదు. శిష్యుడు భావించాడు.

1959లో వచ్చిన లోకాయత గ్రంథం ఈ ప్రశ్నతోనే నడుస్తుంది. లోకాయతం అంటే లోకంలో, జనంలో వ్యాపించినది అని ఒక అర్థం. ఈ లోకమే ఉందనే మాట అని ఇంకో అర్థం. రెండర్థాలూ ఒకే చోట ఎందుకు కలిశాయని దేవీప్రసాద్ అడిగారు. శత్రువులు రాసిపెట్టిన ముక్కల్ని ఏరి, వాటిని తంత్రాలతో, వ్యవసాయ క్రతువులతో, ఆదివాసుల ఆచారాలతో పక్కపక్కన పెట్టి చదివారు. ఆయన పద్ధతి తెలియాలంటే ఛాందోగ్య ఉపనిషత్తులో కుక్కల పాట సంగతి చూడాలి. మొదటి అధ్యాయం పన్నెండో ఖండంలో కొన్ని కుక్కలు కలిసి, ఋత్విజులు ఒకరి వెనక ఒకరు నడిచినట్టు నడిచి, కూర్చుని, తినడానికి తిండి తాగడానికి నీళ్లు కావాలని సామగానం చేస్తాయి. పురోహితుల మీద ఎగతాళిగా రాశారని ఆధునిక పండితులు కొట్టిపారేశారు. దేవీప్రసాద్ మాత్రం ఇవి జంతువులు కావు, కుక్క అనే తెగ గుర్తు ఉన్న మనుషులు అన్నారు. తిండి కోసం గుంపుగా పాడటం తెగ సమాజపు జ్ఞాపకం అన్నారు. అందరూ ఒప్పుకోకపోవచ్చు. మాకూ కొన్ని చోట్ల ఆయన మరీ దూరం లాగారనిపిస్తుంది. కానీ ఆకలి గురించిన పాట తత్వగ్రంథంలో ఏం చేస్తోంది అని అడగడమే కొత్త.

1976లో ఆయన ఇంకో పుస్తకం రాశారు. భారతీయ తత్వశాస్త్రంలో బతికున్నదేది, చచ్చిపోయినదేది అని దాని పేరు. ఇటలీలో క్రోచే 1907లో హెగెల్ గురించి ఇదే ప్రశ్న వేశాడు. హెగెల్‌కి తత్వశాస్త్రమూ దాని చరిత్రా ఒకటే. భావం తనంతట తాను ఎదుగుతూ వచ్చిన కథే చరిత్ర. ఐతే ఆ కథ గ్రీసులో మొదలవుతుంది. భారతదేశం దానికి బయటి వాకిలి మాత్రమే. మనవాళ్లు దీనికి కోపం తెచ్చుకుని మాకూ అలాంటి కథే ఉందని రాశారు. దేవీప్రసాద్ ఆ రెండు కథలూ వద్దన్నారు. భావం తనంతట తాను ఎదగదు. దాన్ని పెంచేవాళ్లుంటారు, తొక్కేవాళ్లూ ఉంటారు. తొక్కేవాళ్ల పేర్లు కూడా ఆయన చెప్పారు: ధర్మశాస్త్రకర్తలు. తర్కాన్ని పట్టుకుని శ్రుతిస్మృతుల్ని లెక్కచెయ్యని ద్విజుణ్ణి వెలివేయాలని మనువు రెండో అధ్యాయంలోనే చెప్పాడు. తర్వాత వచ్చిన వేదాంతి తర్కానికి నిలకడ లేదు, శ్రుతే దిక్కు అన్నప్పుడు అది వట్టి జ్ఞానమీమాంస కాదు, దాని వెనక ఈ శాసనం ఉంది అన్నది ఆయన వాదం.

వైద్యుల గురించి ఆయన చేసిన పరిశోధన మాకు మరీ దగ్గరిది. 1977లో వచ్చిన ప్రాచీన భారతంలో విజ్ఞానశాస్త్రం, సమాజం అనే గ్రంథం నిండా ఇదే చర్చ. తైత్తిరీయ సంహితలో అశ్వినీ దేవతలు మనుషుల మధ్య తిరిగే వైద్యులు కాబట్టి అపవిత్రులు. బ్రాహ్మణుడు వైద్యం చెయ్యకూడదు. మనువు వైద్యుణ్ణి శ్రాద్ధానికి పిలవొద్దన్నాడు, అతని అన్నాన్ని చీముతో పోల్చాడు. ఇంత అసహ్యం దేనికి? చరక సంహిత మొదటి అధ్యాయం చూడండి. ఓషధుల పేర్లూ రూపాలూ మేకలు కాసేవాళ్లకీ, గొర్రెలు కాసేవాళ్లకీ, ఆవులు కాసేవాళ్లకీ, అడవుల్లో ఉండేవాళ్లకీ తెలుసని అందులో ఉంది. సుశ్రుత సంహిత ఇంకా ముందుకెళ్లి, శరీరం గురించి తెలుసుకోవాలంటే శవాన్ని పారే నీళ్లలో నానబెట్టి, పొర తర్వాత పొర తీసి కళ్లతో చూడమంది. శవాన్ని ముట్టుకుంటే మైల అనే ధర్మం ఒకవైపు, ముట్టుకోకపోతే వైద్యం రాదనే శాస్త్రం ఒకవైపు. ఈ వైద్యగ్రంథాల్లోనే గోబ్రాహ్మణ స్తుతులు, పూర్వజన్మ కర్మలు ఎందుకున్నాయి? బతికి బయటపడటానికి ధర్మశాస్త్రాలకి చెల్లించుకున్న జరిమానా అది అని దేవీప్రసాద్ జవాబు. చదువుతుంటే నవ్వొస్తుంది, బాధా కలుగుతుంది. యూనివర్సిటీలో చేరాక మనలో ఎంతమంది అలాంటి జరిమానాలు కట్టారో ఎవరికి వాళ్లకి తెలుసు.

మన ఊళ్లలో పుండు కోసి కట్టుకట్టింది మంగలి, కాన్పు చేసింది మంత్రసాని. వాళ్లని మైల అన్నారు, వాళ్ల చేతిమీదే బతికారు. కంచ ఐలయ్య 2009లో రాసిన పోస్ట్ హిందూ ఇండియాలో మాదిగల తోలు పనిని విజ్ఞానశాస్త్రంగానూ, మంగళ్లని సామాజిక వైద్యులుగానూ చూపించారు. దేవీప్రసాద్ చరక సుశ్రుతుల్లో వెతికినదాన్నే ఐలయ్య వాడల్లో వెతికారు. ఐతే ఇద్దరి మధ్యా ఒక తేడా ఉంది. మా అసలు చర్చ ఆ తేడా గురించే.

దేవీప్రసాద్ మిక్కిలి గౌరవంతో రాసిన ఉపనిషత్ పురుషుడు ఉద్దాలక ఆరుణి. మనదేశంలో విజ్ఞానశాస్త్రానికి ఆద్యుడంటారు ఆయన్ని. కారణం ఛాందోగ్యం ఆరో అధ్యాయం. ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుని పదిహేను రోజులు తిండి మానేసి నీళ్లు మాత్రం తాగమంటాడు. పదహారో రోజు వేదం చెప్పమంటే కొడుక్కి ఒక్క ముక్క గుర్తుకు రాదు. అన్నం తిని వచ్చాక అన్నీ గుర్తొస్తాయి. మనసు అన్నంతో తయారైందని రుజువైంది. నిజంగానే గొప్ప ప్రయోగం. వేదాంతులకి ఇదే అధ్యాయంలో తత్వమసి కనపడింది. దేవీప్రసాద్‌కి ప్రయోగశాల కనపడింది.

కానీ ఒక్క అధ్యాయం వెనక్కి తిప్పండి. ఐదో అధ్యాయంలో ఇదే శ్వేతకేతువు పాంచాలుల సభకు వెళ్లి ప్రవాహణ జైవలి అనే రాజు అడిగిన ఐదు ప్రశ్నలకి జవాబు చెప్పలేక ఇంటికొస్తాడు. తండ్రికీ తెలియదు. ఆ తండ్రి వెళ్లి రాజు దగ్గర విద్య నేర్చుకుంటాడు. ఇంతవరకూ ఈ విద్య బ్రాహ్మణులకి చేరలేదని రాజు గొప్పగా చెప్పి మరీ నేర్పుతాడు. ఆ విద్య ఏమిటి? చచ్చినవాళ్లు తిరిగి ఎలా పుడతారో చెప్పే విద్య. మంచి నడత ఉన్నవాళ్లు బ్రాహ్మణ, క్షత్రియ, వైశ్య యోనుల్లో పుడతారు. చెడు నడత ఉన్నవాళ్లు కుక్క కడుపునో, పంది కడుపునో, చండాల స్త్రీ కడుపునో పుడతారు. పదో ఖండం ఏడో మంత్రం. కొడుక్కి ప్రయోగం చేసి చూపించిన ఉద్దాలకుడే రాజు ముందు శిష్యుడిగా కూర్చుని విన్న మాట ఇది. దీనికి మాత్రం ఏ ప్రయోగమూ అడగలేదు.

కుక్కల పాటలో తెగను చూసిన చూపుతో ఈ మంత్రంలోని కుక్కను కూడా చూడాలి. ఇక్కడ కుక్క, పంది, చండాలుడు ఒకే వరుసలో ఉన్నారు. మనువు పదో అధ్యాయానికి వచ్చేసరికి చండాల శ్వపచుల నివాసం ఊరి బయట, వాళ్ల ఆస్తి కుక్కలూ గాడిదలూ. ఉపనిషత్తులో పుట్టుక గురించి చెప్పిన మాట స్మృతిలో ఊరి పటం అయింది.

కర్మ సిద్ధాంతం పాలకులకి ఎంత పనికొచ్చిందో దేవీప్రసాద్‌కి తెలియదని ఎవరూ అనలేరు. బాగా తెలుసు, బాగా రాశారు కూడా. మా ఇబ్బంది వేరు. ఆయన చరిత్ర నడిచే ఇరుసు భౌతికవాదం, భావవాదం. చేతిపని, తలపని విడిపోయినప్పుడు తలపని చేసేవాళ్లు లోకమే మాయ అన్నారు. చేతిపని వాళ్ల పక్షాన లోకాయతం నిలబడింది. ఈ ఇరుసు మీద నాగార్జునుడి శూన్యవాదం, వసుబంధుడి విజ్ఞానవాదం, శంకరుడి అద్వైతం ఒకే బండిలో ఎక్కుతాయి. నిరీశ్వరవాదులూ బాహ్యప్రపంచం నిజమన్నవాళ్లూ ఐన మీమాంసకులు ఎదుటి బండిలో, మంచివాళ్ల బండిలో ఎక్కుతారు. ఈ కొలత పెట్టి కులాన్ని కొలవండి, ఏమవుతుందో. మీమాంసకుడు కుమారిల భట్టు జాతి కంటికి కనపడే వస్తువన్నాడు. బ్రాహ్మణత్వం ఉంది, ప్రత్యక్ష ప్రమాణంతో తెలుస్తుంది అన్నాడు. ప్రపంచం నిజమన్నవాడికి కులమూ నిజమే. ఆ తర్కాన్నే ఎదుర్కొన్న ధర్మకీర్తి, దేవీప్రసాద్ లెక్కలో భావవాది, బుద్ధిమాంద్యానికి ఐదు గుర్తులు చెప్పి వాటిలో వేదప్రామాణ్యంతోపాటు కులగర్వాన్నీ చేర్చాడు. ధర్మకీర్తి ప్రమాణవార్తికం సంస్కృత ప్రతులు మనదేశంలో కనపడకుండాపోతే 1930లలో రాహుల్ సాంకృత్యాయన్ టిబెట్ మఠాల్లో వెతికి తేవాల్సివచ్చింది. ఏ పుస్తకం ఇక్కడ మిగిలింది, ఏది హిమాలయాలు దాటాల్సివచ్చింది అన్నది భౌతికవాదం, భావవాదం అనే గీతతో తేలదు. ఆ గీతకి అడ్డంగా ఇంకో గీత ఉంది.

ఆ రెండో గీతని అంబేడ్కర్ 1936లోనే కులనిర్మూలనలో గీశారు. కులం శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన అన్నారు. ఒకరి మీద ఒకరు మెట్లుమెట్లుగా. చేతిపని చేసేవాళ్లంతా ఒకవైపు ఉన్నారనుకోవడం దేవీప్రసాద్ కథకి ప్రాణం. కానీ కుండ చేసే చెయ్యీ, తోలు శుభ్రం చేసే చెయ్యీ ఒకే బావిలో నీళ్లు తోడుకోలేదు. ఆయన కథలో చేతికి పని ఉంది, నైపుణ్యం ఉంది. కులం మాత్రం పలచగా ఉంది. వామపక్ష మేధావుల్లో ఆయనంత లోతుగా వెళ్లినవాళ్లు తక్కువ. కాబట్టే ఈ మాట ఆయనతో అనాలనిపిస్తుంది. కులం ఉపరితలం అంటూ మూడు ముక్కల్లో తేల్చేసిన వాళ్లతో అనేదేముంది?

అంబేడ్కర్ తత్వశాస్త్ర చరిత్రని ఎలా చదివారో చూడాలంటే రిడిల్స్ ఇన్ హిందూయిజం తీయాలి. ఆయన బతికుండగా అచ్చుకాలేదు. మహారాష్ట్ర ప్రభుత్వం 1987లో నాలుగో సంపుటంగా వేసినప్పుడు దాన్ని ఆపాలని పెద్ద గొడవ జరిగింది. దాన్ని కాపాడుకోవడానికి దళితులు బొంబాయి వీధుల్లోకి రావాల్సివచ్చింది. అందులో 22వ రిడిల్ తత్వమసి గురించే. ఆయన దాన్ని భావవాదమని కొట్టిపారెయ్యలేదు. అందరూ బ్రహ్మంలో భాగమైతే అందరూ సమానమే కదా, ప్రజాస్వామ్యానికి ఇంతకన్నా గట్టి పునాది ఏముంటుంది అని దాన్ని పైకెత్తి చూపించారు. ఆ తర్వాత అడిగారు, మరి ఆ పునాది మీద ఇల్లెందుకు కట్టలేదని. బ్రహ్మం సర్వవ్యాపి అన్న శంకరుడే అసమానతలన్నిటినీ ఎట్లా సమర్థించాడని. ఒక భావం నిజమా అబద్ధమా అన్నది ఒక పరీక్ష. అది జనం మధ్య ఏం చేసింది, ఏం చెయ్యలేదు అన్నది రెండో పరీక్ష. అంబేడ్కర్ దగ్గర ఈ రెండో పరీక్ష కూడా తత్వశాస్త్రమే. 1957లో వచ్చిన బుద్ధుడు ఆయన ధమ్మంలోనూ పూర్వజన్మ కర్మని ఇలాగే పరీక్షించారు. పేదల దుస్థితికి బాధ్యత నుంచి రాజ్యమూ సమాజమూ తప్పించుకోవడానికి తప్ప ఆ సిద్ధాంతానికి వేరే ప్రయోజనం ఊహించలేమన్నారు.

ఇదంతా సోషియాలజీ కదా, ఫిలాసఫీ ఎక్కడుంది అని అడుగుతారు. మాలో ఒకరు బ్రహ్మసూత్రాల్లోని అపశూద్రాధికరణం మీద సెమినార్ పేపర్ చదివితే ఒక పెద్ద మనిషి ఇదే అడిగారు. గోపాల్ గురు 2002లో సిద్ధాంతం చేసే బ్రాహ్మణులు, వివరాలు పోగేసే శూద్రులు అని సామాజికశాస్త్రాల్లోని వర్ణవిభజన గురించి రాశారు. మా అనుభవంలో అది తత్వశాస్త్ర విభాగంలో ఇంకా చిక్కగా ఉంటుంది. మీ బాధ చెప్పండి, వింటాం. శంకరుడి తర్కం మాత్రం మాకు వదిలెయ్యండి!

సరే, తర్కమే చూద్దాం. అపశూద్రాధికరణం ఒకటో అధ్యాయం మూడో పాదంలో ఉంది. ఛాందోగ్యంలో రైక్వుడు జానశ్రుతి అనే దాతని శూద్రా అని పిలిచి, చివరికి విద్య చెబుతాడు. అంటే శూద్రుడికి బ్రహ్మవిద్య ఉన్నట్టే కదా? శంకరుడు ఒప్పుకోడు. శుచం అంటే దుఃఖం, దుఃఖంతో పరుగెత్తుకొచ్చాడు కాబట్టి శూద్రుడన్నారు, కులం వల్ల కాదు అని వ్యుత్పత్తి చెబుతాడు. వేదం విన్న శూద్రుడి చెవుల్లో సీసం, లక్క పోయమన్న గౌతమ ధర్మసూత్రాన్ని ఉదహరిస్తాడు. ద్విజుడు తర్కం చేస్తే మనువు వెలివేస్తాడు, శూద్రుడు వింటేనే సీసం. విదురుడు, ధర్మవ్యాధుడు జ్ఞానులు కదా అంటే, అది పూర్వజన్మ సంస్కారం, మిగతావాళ్లకి పురాణాలున్నాయి అంటాడు. చండాల యోని మంత్రం మీద మూడో అధ్యాయంలో ఇంకా సూక్ష్మమైన చర్చ ఉంది. మంచి యోని, చెడు యోని రావడానికి కారణం నడతా, లేక అనుభవించగా మిగిలిన కర్మశేషమా? కార్ష్ణాజిని ఒకటన్నాడు, బాదరి ఒకటన్నాడు, భాష్యకారుడు ఇద్దర్నీ తూచాడు. చండాల స్త్రీ కడుపు చెడ్డ కడుపు ఎందుకైంది అన్నది ఆ సూత్రాల్లో ఎవరికీ సందేహం కాలేదు. సందేహం ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో ముందే గీత గీసిపెట్టిన చర్చ ఇది. ఆ గీత తత్వశాస్త్రం లోపలే ఉంది. దాన్ని చూపిస్తే అది సోషియాలజీ ఎలా అవుతుంది?

మనవాళ్లలో కొందరు ఇంటిపేరు చూసి దేవీప్రసాద్‌ని పక్కన పెట్టేస్తున్నారు. అది మంచిది కాదు. ఒక శాస్త్రం తన గతాన్ని ఎలా రాసుకుందో చూసి దాని వర్తమానాన్ని నిలదీయొచ్చని సంస్కృత గ్రంథాలు పేజీపేజీ తిప్పి చూపించినవాడు ఆయన. ఆయన పద్ధతి తీసుకుని, ఆయన వెళ్లని గుమ్మాల్లోకి వెళ్లాలి. దానికి సంస్కృతం కావాలి, పాళీ కావాలి, టిబెటన్ తెలిస్తే మరీ మంచిది. అంబేడ్కర్‌కి బడిలో సంస్కృతం చదవనివ్వలేదు, పర్షియన్ తీసుకోవాల్సివచ్చింది. ఇవాళ తలుపు మూసి లేదు గానీ ఆ తరగతుల్లో మనవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే.

ఎక్కడ మొదలుపెట్టాలంటే ఒక చోటు చెబుతాం. జైమిని మీమాంసా సూత్రాలు, ఆరో అధ్యాయం, మొదటి పాదం. యజ్ఞం చేసే అధికారం ఎవరికి అనే చర్చ. అక్కడ బాదరి నాలుగు వర్ణాలవాళ్లకీ అధికారం ఉందంటాడు. ఫలం కోరేవాడెవడైనా చెయ్యొచ్చు, శూద్రుడూ కోరుకుంటాడు కదా అన్నది వాదం. జైమిని దాన్ని తోసిపుచ్చాడు. ఆ బాదరి రాసిన గ్రంథం ఏదీ మనకి దక్కలేదు. ఆయన్ని ఖండించడానికో, ఉదహరించడానికో వాడుకున్న సూత్రాల్లోనే మిగిలాడు, లోకాయతులు మిగిలినట్టు.